గడ్డి కోసే బండి బురదలో నడవాలంటే

అమెరికాలో ఇంటి చుట్టూ విశాలమైన పచ్చిక ఉన్నవారు దానిని కత్తిరించడానికి, కూర్చుని నడిపే చిన్న బండిని వాడుతారు. దానిని లాన్ ట్రాక్టర్ అంటారు. చదునైన నేలపై నెమ్మదిగా తిరుగుతూ గడ్డిని ఒకే ఎత్తున కోయడం దాని పని. కొన్నేళ్లు గడిచేసరికి కత్తులు అమర్చిన అడుగుభాగం తుప్పుపట్టి పాడవుతుంది. ఇంజను మాత్రం ఇంకా బాగానే ఉంటుంది. అటువంటి పాత బండ్లను కొందరు తల్లిదండ్రులు తక్కువ ధరకు కొని, పిల్లలతో కలిసి విప్పి, మార్చి, బురదలోను, ఎగుడుదిగుడు బాటల్లోను నడిచే బండ్లుగా తీర్చిదిద్దుతారు.

చూడడానికి ఇది ఆటవలె కనిపిస్తుంది. కాని ఇందులో ఒక గట్టి పాఠం ఉంది. యంత్రంలో ఒక భాగాన్ని మార్చితే, దాని ప్రభావం తక్కిన భాగాలన్నిటిపైనా పడుతుంది. ఆ ప్రభావాన్ని ముందుగా లెక్కవేసినవారి బండి క్షేమంగా నడుస్తుంది. లెక్కవేయనివారి బండి విరుగుతుంది, లేదా ఒరిగిపడుతుంది. ఆ లెక్క ఎలా వేయాలో తెలుసుకుందాం.

ఈ బండి ఎలా పుట్టింది?

గడ్డి కోసే యంత్రాన్ని మొదట తయారుచేసినవాడు ఎడ్విన్ బడ్డింగ్ అనే ఇంగ్లండు దేశస్థుడు. ఆయన 1830లో దానికి పేటెంటు పొందాడు. ఆయన ఉన్న స్ట్రౌడ్ ప్రాంతంలో ఉన్ని బట్టల మిల్లులు ఎక్కువ. బట్టపై లేచిన నూగును సమంగా కత్తిరించే యంత్రమే ఆయన ఆలోచనకు ఆధారమైంది. అప్పటి యంత్రాన్ని మనుషులే తోసేవారు. ఇంజను, కూర్చునే సీటు చాలాకాలం తరువాత వచ్చాయి.

1973లో ఇంగ్లండులోని విస్‌బరో గ్రీన్ అనే పల్లెలో కొందరు మిత్రులు గడ్డి కోసే యంత్రాలతో పందెం మొదలుపెట్టారు. మోటారు పందేలకు చాలా డబ్బు కావాలి. అంత ఖర్చు లేకుండా ఆ ఆనందం పొందాలన్నదే వారి ఉద్దేశం. 1992లో అమెరికాలోనూ ఇటువంటి పందేలకు ఒక సంఘం ఏర్పడింది. పందెపు బండ్లకు కత్తులు తీసివేయాలన్నది అక్కడి ముఖ్యమైన నియమం. ఇంట్లో బండి తయారుచేసేవారికి కూడా మొదటి పని అదే.

బండి లోపల ఏముంది?

ఎక్కువ లాన్ ట్రాక్టర్లలో ఉండేది గాలితో చల్లబడే చిన్న పెట్రోలు ఇంజను. అది తిప్పే కడ్డీ నిలువుగా కిందికి దిగి ఉంటుంది. కోత కత్తులు నేలకు సమాంతరంగా తిరగాలి కనుక ఈ ఏర్పాటు చేశారు. ఆ కడ్డీకి చివర ఒక కప్పీ ఉంటుంది. కప్పీ అంటే పుల్లీ, అనగా అంచున గాడి ఉన్న చక్రం. దానిపై తిరిగే రబ్బరు బెల్టు, బండి వెనుక ఉన్న గేరుపెట్టె కప్పీని తిప్పుతుంది. గేరుపెట్టె ఇరుసును, ఇరుసు వెనుక చక్రాలను తిప్పుతాయి.

ఇంజను నిమిషానికి సుమారు 3600 చుట్లకు మించి తిరగకుండా ఒక చిన్న పరికరం కాపలా కాస్తుంది. దాని పేరు గవర్నర్. ఎక్కువ వేగం కోసం దీనిని తీసివేద్దామని కొందరికి అనిపించవచ్చు. అది చాలా ప్రమాదం. హద్దు మించి తిరిగితే ఇంజను లోపలి కడ్డీ విరిగి, పైపెంకును చీల్చుకొని బయటకు దూసుకురావచ్చు. కనుక గవర్నర్ జోలికి పోకూడదు. వేగాన్నిగాని బలాన్నిగాని మార్చాలంటే కప్పీలతోనే మార్చాలి.

వేగమా? బలమా?

ఇంజను కప్పీ వెడల్పు 3 అంగుళాలు, గేరుపెట్టె కప్పీ వెడల్పు 6 అంగుళాలు అనుకుందాం. పెద్ద కప్పీ ఒక చుట్టు తిరిగేలోగా చిన్నది రెండు చుట్లు తిరుగుతుంది. అంటే ఇంజను 3600 చుట్లు తిరిగితే గేరుపెట్టెకు 1800 చుట్లు అందుతాయి. అప్పుడు బండి గంటకు 6 మైళ్ల వేగంతో పోతోందనుకుందాం.

ఇప్పుడు 6 అంగుళాల కప్పీని తీసి 9 అంగుళాల కప్పీని బిగిద్దాం. గేరుపెట్టెకు అందేవి 1200 చుట్లే. వేగం 4 మైళ్లకు తగ్గుతుంది. కాని లాగే బలం ఒకటిన్నర రెట్లవుతుంది. రాపిడి వల్ల పోయే కొంత భాగాన్ని ఈ లెక్కలో కలపలేదు.

ఇంజను శక్తి మారలేదు. వేగాన్ని ఇచ్చి బలాన్ని తీసుకున్నాము. సైకిలు తొక్కుతూ ఎత్తు ఎక్కేటప్పుడు గేరు మార్చేవారికి ఈ సంగతి కాళ్లకే తెలుస్తుంది. బురదలో నడిచే బండికి కావలసింది బలం. అందుచేత మంచి బురద బండి సాధారణంగా నెమ్మదిగా నడిచే బండి.

చక్రానికీ నేలకూ ఉన్న సంబంధం

లాన్ ట్రాక్టరు టైర్లపై గాడులు లోతుగా ఉండవు. పచ్చిక చిరగకూడదని వాటిని అలా చేస్తారు. బురదలో ఆ గాడులు వెంటనే మట్టితో నిండిపోతాయి. చక్రం ఉన్నచోటనే గిర్రున తిరుగుతుంది. అందుకే బురద బండికి పొలం ట్రాక్టరు టైర్ల వంటివి వేస్తారు. వాటిపై ఎత్తైన రబ్బరు పట్టీలు బాణపు ములుకు ఆకారంలో ఉంటాయి. అవి మట్టిలోకి దిగి పట్టు దొరకబుచ్చుకుంటాయి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పల్లెల్లో మీ తాతయ్యలు, అమ్మమ్మలు ఈ సూత్రాన్ని రోజూ చూసినవారే. వరి నాటే ముందు పొలంలో నీరు నిలిపి మట్టిని మెత్తని బురదగా కలియదున్నడాన్ని దమ్ము చేయడం అంటారు. ఆ పనికి ట్రాక్టరుకు ఇనుప పట్టీల పంజరం వంటి చక్రాలు తగిలిస్తారు. బురదలో అవి చక్కగా పనిచేస్తాయి. అవే చక్రాలతో రోడ్డెక్కితే తారు లేచిపోతుంది. ఏ చక్రమైనా ఒక నేలకు మంచిది, మరొక నేలకు చెడ్డది.

టైరులో గాలి కూడా ముఖ్యమే. ఒక చక్రంపై 200 పౌనుల బరువు ఉందనుకుందాం. చదరపు అంగుళానికి 10 పౌనుల ఒత్తిడితో గాలి నింపితే, టైరు సుమారు 20 చదరపు అంగుళాల మేర నేలను తాకుతుంది. ఒత్తిడిని 5 పౌనులకు తగ్గిస్తే సుమారు 40 చదరపు అంగుళాలు తాకుతుంది. బరువు ఎక్కువ చోటుకు పంచబడుతుంది కనుక చక్రం అంతగా కూరుకుపోదు. అయితే గాలి మరీ తగ్గితే టైరు రిమ్ము నుండి ఊడిపోతుంది.

ఇరుసు మధ్యలో డిఫరెన్షియల్ అనే గేర్ల అమరిక ఉంటుంది. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం పోవాలి. రెండూ వేరువేరు వేగాలతో తిరగడానికి డిఫరెన్షియల్ వీలు కల్పిస్తుంది. బురదలో ఇదే చిక్కు తెస్తుంది. జారే చక్రం తిరుగుతూనే ఉంటుంది, పట్టు ఉన్న చక్రం కదలదు. అందుకని కొందరు డిఫరెన్షియల్‌ను బిగించి, రెండు చక్రాలూ ఒకటిగా తిరిగేలా చేస్తారు. బురదలో పట్టు పెరుగుతుంది. గట్టి నేలపై మాత్రం మలుపు తిరగడం కష్టమవుతుంది, ఇరుసుపై భారం పడుతుంది.

ఒక మార్పు, నాలుగు ఫలితాలు

20 అంగుళాల వెనుక చక్రాలు తీసి 24 అంగుళాలవి వేశామనుకుందాం. ఏమేమి మారతాయో చూడండి.

మొదటిది వేగం. పెద్ద చక్రం ఒక చుట్టులో ఐదోవంతు ఎక్కువ దూరం పోతుంది. పై లెక్కలోని 4 మైళ్ల వేగం 4.8 మైళ్లవుతుంది. రెండవది బలం. ఒకటిన్నర రెట్లు పెరిగిన బలం ఒకటింబావు రెట్లకు తగ్గుతుంది. మూడవది బ్రేకు. పెద్ద చక్రాన్ని ఆపడానికి అది మునుపటికంటే ఎక్కువ శ్రమపడాలి.

నాలుగవది అన్నిటికంటే ముఖ్యమైనది. బండి వెనుక భాగం 2 అంగుళాలు పైకి లేస్తుంది. ముందు చక్రాలను కూడా అంతే పెంచితే బండి అంతా 2 అంగుళాలు లేస్తుంది. దానితోపాటు గరిమనాభి పైకి జరుగుతుంది. వస్తువు బరువంతా ఏ బిందువు వద్ద ఉన్నట్లు లెక్కించవచ్చునో దానిని గరిమనాభి అంటారు. చక్రాల మధ్య వెడల్పు 36 అంగుళాలు, గరిమనాభి ఎత్తు 18 అంగుళాలు అయితే, కదలకుండా ఉన్న బండి పక్కకు 45 డిగ్రీలు వంగినప్పుడు పడిపోతుంది. ఎత్తు 20 అంగుళాలైతే 42 డిగ్రీలకే పడుతుంది. పైన మనిషి కూర్చోవడం వల్ల ఎత్తు 24 అంగుళాలకు చేరితే 37 డిగ్రీలు చాలు.

ఇది కాగితం మీది లెక్క. ముందు ఇరుసు మధ్యలో ఒక సీలపై ఊగుతుంది. అందువల్ల గతుకుల్లో నాలుగు చక్రాలూ నేలను అంటి ఉంటాయి. కాని అదే కారణంగా బండి కొంతవరకు మూడు కాళ్ల పీటలాగా నిలబడి ఉంటుంది, ఇంకా తొందరగా ఒరుగుతుంది. మలుపులు, గుంతలు కూడా దానిని పడదోస్తాయి. అందుకే 15 డిగ్రీలకు మించిన వాలుపై నడపవద్దని అనేక బండ్ల వినియోగ పుస్తకాలు హెచ్చరిస్తాయి.

మీరే చేసి చూడండి. ఒక పలకపై రెండు అగ్గిపెట్టెలు ఉంచండి, ఒకటి పడుకోబెట్టి, మరొకటి నిలబెట్టి. పలకను ఒకవైపు మెల్లగా ఎత్తండి. ఏది ముందు పడుతుందో, ఎందుకు పడుతుందో మీ పుస్తకంలో రాయండి.

ముందు ఆగడం, తరువాత సాగడం

లాన్ ట్రాక్టరు బ్రేకు సాధారణంగా గేరుపెట్టె వద్ద ఉండే చిన్న బిళ్ల. నెమ్మదిగా నడిచే బండికి అది సరిపోతుంది. వేగం రెండింతలైతే ఆగడానికి కావలసిన దూరం సుమారు నాలుగింతలవుతుంది. కనుక పని బ్రేకుతో మొదలుపెట్టాలి. బ్రేకు సరిగా ఉందని తేలిన తరువాతే కప్పీలు, చక్రాలు, రంగులు.

సీటు కింద ఒక మీట ఉంటుంది. నడిపేవారు లేచినా, పడినా అది ఇంజనును ఆపుతుంది. దానిని ఎప్పుడూ తప్పించకూడదు.

ఎవరి పని ఏది?

బండిపై చేయి వేసేముందు పెద్దలు మూడు పనులు చేయాలి: స్పార్క్ ప్లగ్ తీగ తీసివేయడం, బ్యాటరీ రుణ ధ్రువపు తీగను విప్పడం, పెట్రోలును బయట ఖాళీచేసి దూరంగా ఉంచడం. కత్తులను విప్పడం, వెల్డింగు చేయడం, బండిని పైకెత్తి దిమ్మలపై నిలపడం పెద్దల పనులే. మూసిన గ్యారేజీలో ఇంజనును నడపకూడదు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన లేవు. అది ప్రాణాలు తీస్తుంది.

ఆరేడేళ్ల పిల్లలు ఊడదీసిన నట్లు, బోల్టులు డబ్బాల్లో వేసి, ఏది ఎక్కడిదో చీటీ అతికించవచ్చు. ఈ చిన్నపని లేకపోతే పెద్దపని ఆగిపోతుంది. తొమ్మిది, పదేళ్లవారు కొలతలు తీసి, కప్పీల లెక్క కట్టి, కళ్లద్దాలు ధరించి పానాతో బోల్టులు బిగించవచ్చు. ఇంకా పెద్దవారు బెల్టు బిగువును, బ్రేకును పెద్దలతో కలిసి సరిచూడవచ్చు. అమ్మానాన్నలకు తెలిసిన తెలుగు మాటలు అడిగి ఇరుసు, చట్రం, సీల, పానా అని చీటీలపై రాస్తే, బండితోపాటు భాష కూడా చేతికి వస్తుంది.

నడపడం వేరు సంగతి. కూర్చుని నడిపే కోత బండిని 16 ఏళ్లు నిండనివారు నడపరాదని, ఎవరినీ దానిపై వెంట ఎక్కించుకోరాదని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ అనే శిశువైద్యుల సంస్థ సలహా ఇస్తుంది. కత్తులు తీసేశాము కనుక ఈ మాట మన బండికి వర్తించదని అనుకోకూడదు. కత్తుల ప్రమాదం పోయినా, ఒరిగిపడే ప్రమాదం పెరిగింది.

"నేను కట్టిన బండిని నేనే నడపకూడదా?" అని మీలో కొందరికి బాధ కలగవచ్చు. ఆ బాధ న్యాయమైనదే. కాని పదేళ్ల వయసులో ప్రతి బోల్టునూ బిగించినవారు పదహారవ ఏట సీటుపై కూర్చున్నప్పుడు, ఏ శబ్దం మంచిదో, ఏ శబ్దం చెడ్డదో వారికి తెలిసి ఉంటుంది. ఎంత వాలు ఎక్కవచ్చో, ఎక్కడ ఆగాలో తెలిసి ఉంటుంది. కొని తెచ్చిన బండిని నడిపేవారికి ఆ తెలివి అంత సులభంగా రాదు.

ఇటువంటి పని మొదలుపెట్టే కుటుంబం ఒక నియమం పెట్టుకోవాలి. ఏదైనా తేడాగా కనిపిస్తే ఎవరైనా సరే, అందరికంటే చిన్నవారైనా సరే, "ఆపండి" అనవచ్చు. ఆ మాట వినగానే అందరూ పానాలు కింద పెట్టి, కారణం తెలిసేదాకా ఆగాలి.