నమ్మితే చాలునా?



సాయంకాలం ప్రార్థనకు వార్డుల్లోకి వెళ్లినప్పుడు మమ్మల్ని తరచుగా రెండు ప్రశ్నలు అడుగుతారు. "అయ్యగారూ, బాప్తిస్మం తీసుకుంటే జబ్బు తగ్గుతుందా?" అనేది ఒకటి. "ఇంత ప్రార్థన చేసినా తగ్గలేదు, నా విశ్వాసం చాలలేదా?" అనేది రెండవది. మొదటిది ఆశతో అడుగుతారు, రెండవది కన్నీళ్లతో. రక్షణ అంటే ఏమిటో తెలిస్తే రెండింటికీ జవాబు దొరుకుతుంది.

చెరసాలలో ఒక రాత్రి

అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం చదవండి. ఫిలిప్పీలో పౌలును, సీలను బెత్తాలతో కొట్టి, కాళ్లకు బొండ వేసి చెరసాలలో ఉంచారు. మధ్యరాత్రి భూకంపానికి తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఖైదీలు పారిపోయారనుకొని ప్రాణం తీసుకోబోయిన చెరసాల నాయకుడు, వణుకుతూ వారి ముందు సాగిలపడి, రక్షణ పొందడానికి తానేం చేయాలని అడిగాడు. ప్రభువైన యేసును నమ్మమనే వారు చెప్పారు. కానుక అడగలేదు, పుట్టుక అడగలేదు, ముందు మంచివాడివై రమ్మనలేదు. రక్షణ దేవుని కృపవల్ల కలిగే బహుమానం, విశ్వాసం దానిని అందుకొనే చెయ్యి.

అయితే ఆ విశ్వాసం ఊరకే కూర్చోలేదు. బాప్తిస్మం పొందకముందే, ఆ రాత్రివేళే, అతడు వారి గాయాలు కడిగాడు. ఆసుపత్రిలో పనిచేసే మాకు ఈ మాట ఎంతో ప్రియమైనది.

గుండ్లకమ్మ ఒడ్డున

మన ఒంగోలు ప్రాంతంలో 1876-78 సంవత్సరాల్లో ఘోరమైన కరువు వచ్చింది. అక్కడి బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకొని, ఆకలితో ఉన్నవారికి పని, కూలి ఇప్పించారు. ఆ రోజుల్లో వేలమంది బాప్తిస్మం అడిగారు. ఆయన ఏడాదికి పైగా ఎవరికీ ఇవ్వనివ్వలేదు. కూటికోసం వచ్చినవారెవరో, క్రీస్తుకోసం వచ్చినవారెవరో తేలాలని ఆయన ఆలోచన. సహాయం ఇక లేదని చెప్పిన తరువాత కూడా జనం వచ్చారు. 1878 జులై 3న వెలుంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున, ఆ బాప్తిస్మాలు ఇచ్చారు.

మొదటి ప్రశ్నకు జవాబు ఇదే. బాప్తిస్మం ధాన్యానికి బదులు ఇచ్చేది కాదు, మాత్రకు బదులు ఇచ్చేదీ కాదు. అందుకే మేము మంచం దగ్గర ఎవరినీ తొందరపెట్టం. ప్రార్థన వద్దన్నా చికిత్సలో తేడా ఉండదు. సంఘ కుటుంబాలకూ ఒక మాట: తాతగారి బాప్తిస్మం, అమ్మ ప్రార్థనలు గొప్ప ఆస్తి. కానీ విశ్వాసం మాత్రం ఎవరికి వారే ఉంచాలి.

తగ్గకపోతే?

పౌలు తన శరీరంలోని ముల్లు తొలగించమని మూడుసార్లు వేడుకున్నాడు. అది తొలగలేదు, కృప మాత్రం చాలినంత దొరికింది. ఆయన విశ్వాసం తక్కువని ఎవరంటారు? కడుపు జబ్బుతో ఉన్న తిమోతికి ఆయనే వైద్యం సూచించాడు. ఆయన వెంట ఉన్న లూకా వైద్యుడే. రోగం నిలిచి ఉండటం అవిశ్వాసానికి గుర్తు కాదు. చెల్లీ, అన్నా, ఆ భారం మీ గుండె మీద పెట్టుకోవద్దు.

అలాగే, ప్రార్థన చేయించుకున్నామని మందులు మానవద్దు. షుగరు, బి.పి., మూర్ఛ మందులు డాక్టరుగారు చెప్పకుండా ఆపకూడదు. టి.బి. మందులు మధ్యలో ఆపితే జబ్బు తిరగబెట్టి, మందులకు లొంగని రూపంలోకి మారవచ్చు. మాత్ర వేసుకొనే చేతితోనే దేవునికి దణ్ణం పెట్టవచ్చు.

నమ్మితే చాలునా అంటే, రక్షణకు చాలును. ఇంకా సందేహాలుంటే మీ వార్డు సిస్టర్‌గారితో చెప్పండి. మేము వచ్చి మీ పక్కన కూర్చుంటాం.