మీకు తెలుసా? రాత్రికి రాత్రి నోట్లు మార్చిన మంత్రి

• అంతర్జాతీయ ద్రవ్యనిధికి తొలి మేనేజింగ్ డైరెక్టర్ బెల్జియం దేశస్థుడు కామీ గుట్ (1884–1971). 1946 నుంచి 1951 దాకా ఆ పదవిలో ఉన్నారు.

• అంతకుముందు ఆయన బెల్జియం ఆర్థికమంత్రి. 1940లో బెల్జియంను జర్మనీ ఆక్రమించాక, లండన్‌లో ఏర్పడిన ప్రవాస ప్రభుత్వంలో నలుగురు కీలక మంత్రుల్లో ఒకరయ్యారు.

• యుద్ధకాలంలో నాజీల పాలన కింద బెల్జియంలో విపరీతంగా డబ్బు ముద్రించారు. సరుకులు తక్కువ, నోట్లు ఎక్కువ. విముక్తి తర్వాత ధరలు ఆకాశాన్నంటకుండా 1944 అక్టోబరులో గుట్ పెద్ద నోట్లను రద్దు చేశారు. మనిషికి 2,000 ఫ్రాంకుల వరకే మార్పిడి. మిగతా సొమ్మును, బ్యాంకు ఖాతాల్లోని డబ్బులో చాలా భాగాన్ని స్తంభింపజేశారు. చలామణిలోని డబ్బు దాదాపు మూడో వంతుకు పడిపోయింది. కొత్త నోట్లు ముందే ఇంగ్లండ్‌లో అచ్చయ్యాయి!

• ఆర్థికవేత్తలు నేటికీ దీన్ని ‘ఆపరేషన్ గుట్’ అంటారు.

• గుట్ వ్యక్తిగత పత్రాలు బ్రస్సెల్స్‌లోని యుద్ధచరిత్ర అధ్యయన కేంద్రం ‘సెగెసోమా’లో ఉన్నాయి. యుద్ధానంతర ఆర్థిక వ్యవస్థ పుట్టుకను పరిశోధించేవారికి అవి ముఖ్య ఆధారం.