ఉన్నవారిని బట్టే వ్యూహం

పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి వరకు వ్యాపించిన పారిశ్రామిక ప్రాంతంలో పాఠశాల జట్టును తీర్చిదిద్దడం సులభసాధ్యమైన పని కాదు. కర్మాగారాలలో పనికై వలస వచ్చిన కుటుంబాలు అక్కడ అనేకం. తండ్రికి పనిచోటు మారితే పిల్లవాడికి బడి మారుతుంది. నిరుడు నేర్పిన వ్యూహానికి ఈ యేడు ఆటగాడు మిగలడు. అట్టి స్థితిలో పాత వ్యూహాన్నే పట్టుకొని వ్రేలాడడం వివేకం అనిపించుకోదు.

హాకీనే తీసుకుందాం. ప్రత్యర్థులు ముట్టడించిన వేళ మన గోలు ముందునుంచి బంతిని బయటికి తేవడానికి ముఖ్యంగా మూడు మార్గాలున్నాయి. వెనుక వరుసవాడికి మణికట్టు బలం, గురి వుంటే, ఎవరికీ ప్రమాదం లేకుండా బంతిని తలలమీదుగా దూరానికి ఎత్తివేయవచ్చు. అంచున మెరుపులా పరుగెత్తేవాడుంటే పక్కగీత వెంట పంపవచ్చు. ఈ రెండూ లేనప్పుడు ముగ్గురు త్రికోణంగా నిలిచి, దగ్గరదగ్గరగా అందించుకుంటూ సాగాలి. వీటిలో ఏది గొప్పదని అడగడం అసంగతం. మనకెవరున్నారన్నదే అసలు ప్రశ్న. వేగం లేనివాడికి దూరపు బంతి పంపితే అది ప్రత్యర్థికిచ్చిన కానుకే.

ఈ సత్యానికి ఉజ్జ్వలమైన నిదర్శనం ఫుట్‌బాల్ చరిత్రలో వుంది. హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం ఉపాధ్యాయుడుగా పనిచేసినవారు. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలుచుకుంది. 1962లో జకార్తా ఆసియా క్రీడలకు భారత జట్టును ఆయనే నడిపించారు. తొలి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 2–0 తేడాతో పరాజయం ఎదురైంది. తరువాత థాయిలాండుతో జరిగిన ఆటలో, వెనుక వరుసకు మూలస్తంభం వంటి జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. కళాశాల రోజుల్లో అతడు ముందు వరుసలో ఆడినవాడు. రహీం ఆ సంగతిని వినియోగించుకొని, సెమీఫైనల్లో అతన్ని సెంటర్ ఫార్వర్డుగా నిలిపారు. జర్నైల్ ఆ ఆటలో ఒక గోలు, సెప్టెంబరు 4న ఫైనల్లో మరొక గోలు సాధించాడు. అదే కొరియాను 2–1తో ఓడించి భారతదేశం స్వర్ణపతకం అందుకుంది. మరుసటి యేడు, 1963 జూన్ 11న, రహీం క్యాన్సరుతో కన్నుమూశారు.

నల్లబల్లమీద గీత గీయడానికి ముందు మైదానంలో పిల్లలను గమనించాలి. ఎవరి చేతిలో బలముంది? ఎవరి కాలిలో వేగముంది? ఒత్తిడిలో తొణకకుండా బంతిని నిలుపగలవాడెవడు? ఈ పరిశీలన చేసిన ఉపాధ్యాయుని జట్టులో, పరుగు రాని పిల్లవానికి సైతం తాను మాత్రమే చేయగల పని ఒకటి దొరుకుతుంది.