గిటారుకి రెండు గొంతుకలు

వీణ, వయొలిన్, మృదంగం ఉండే మన ఇళ్ళల్లోకి ఎలక్ట్రిక్ గిటారు కూడా వచ్చి చేరింది. పిల్లలు పట్టుబట్టి కొనిపించుకుంటారు. డబ్బు కట్టి, ఆ పైన చప్పుడూ భరించేది తల్లిదండ్రులం. ఈ గిటార్లలో కొన్నిటికి "స్టీరియో" అన్న బిరుదు ఉంటుంది. ఆ మాట చూసి నాలుగు డాలర్లు ఎక్కువ పెట్టినవారు మన సభ్యుల్లో ఉన్నారు. కొన్న మూడో నాడే "సగం శబ్దం రావటం లేదు" అని దుకాణానికి మోసుకెళ్ళినవారూ ఉన్నారు. రెండు ఖర్చులూ తప్పించుకోవచ్చునని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాం.

గ్రామఫోను రికార్డు మీద స్టీరియో అంటే ఎడమ వాయిద్యం ఎడమ నుంచి, కుడి వాయిద్యం కుడి నుంచి వినబడటం. గిటారు సంగతి వేరు. తీగల కింద, అయస్కాంతం చుట్టూ సన్నని రాగి తీగ చుట్టిన పికప్పులు సాధారణంగా రెండుంటాయి. మెడ దగ్గరది గుండ్రంగా, మెత్తగా పలుకుతుంది. బ్రిడ్జి దగ్గరది సన్నగా, పదునుగా పలుకుతుంది. మామూలు గిటారు ఈ రెండిటినీ లోపలే కలిపి ఒకే దారిన బయటికి పంపుతుంది. స్టీరియో గిటారు కలపకుండా రెండు దారుల్లో పంపుతుంది. పప్పూ పులుసూ వంటింట్లోనే కలిపి వడ్డించటానికీ, వేరువేరు గిన్నెల్లో పెట్టి "మీరే కలుపుకోండి" అనటానికీ ఎంత తేడానో ఇదీ అంతే. రెండు గిన్నెలు వచ్చినంత మాత్రాన వంట మారదు సుమా.

అమెరికాలో స్టీరియో రికార్డులు దుకాణాలకెక్కింది 1958లో. ఆ ఊపులో గిటారు కంపెనీలూ వెనకబడలేదు. అదే ఏడు గ్రెచ్ కంపెనీ తీగలనే రెండు వాటాలు వేసింది. లావు తీగలు మూడూ ఒక ఆంప్లిఫయరుకి, సన్న తీగలు మూడూ ఇంకొకదానికి. 1959లో గిబ్సన్ వారి ఇ.ఎస్.-345 వచ్చింది, పికప్పుకొక దారి చొప్పున. ఆ తరువాత కొద్ది కాలానికే రికెన్‌బాకర్ వారు "రిక్-ఓ-సౌండ్" పేరుతో గిటారుకి రెండు జాక్‌లు పెట్టారు, మామూలుదొకటి, స్టీరియోదొకటి. మా లెక్కన ఇదే తెలివైన పద్ధతి. కావలసినవాడు వాడుకుంటాడు, అక్కర్లేనివాడు దాని జోలికే పోడు.

"సగం శబ్దం" ఫిర్యాదు ఎక్కువగా వచ్చేది జాక్ ఒకటే ఉన్న గిటార్లతో. గిటారు తీగకుండే పావు అంగుళం ప్లగ్గు టెలిఫోను ఎక్స్ఛేంజీల నుంచి వచ్చిన పాత వస్తువు. మామూలు ప్లగ్గులో కొన, తొడుగు అని రెండే భాగాలు. స్టీరియో ప్లగ్గులో నడుమ ఉంగరం కూడా ఉంటుంది. కొన మీద ఒక పికప్పు, ఉంగరం మీద రెండోది, తొడుగు రెంటికీ ఉమ్మడి భూమి. స్టీరియో జాక్‌లో మామూలు ప్లగ్గు గుచ్చితే దాని పొడుగాటి తొడుగు ఉంగరం చోటును కూడా ఆక్రమించి, రెండో పికప్పును భూమికి కలిపేస్తుంది. ఆ పికప్పు మూగబోతుంది. గిటారుకి జబ్బేమీ లేదు. ఇలాంటి గిటారుకే లోపలి వైరింగంతా మార్చాలన్న దుకాణదారుణ్ణి మేము ఎరుగుదుం. మార్చవలసింది తీగ ఒక్కటే.

కావలసింది చీలిక తీగ. ఒక కొసన ఉంగరమున్న ప్లగ్గు, రెండో కొసన రెండు మామూలు ప్లగ్గులు ఉండాలి. హెడ్‌ఫోన్లు ఇద్దరు పంచుకునే చీలిక కూడా చూడటానికి ఇలాగే ఉంటుంది గాని, అది విడదీయదు. కంప్యూటరుకి తగిలించే రికార్డింగు పెట్టెలో బాలెన్సుడు ఇన్‌పుట్‌కి ఉంగరమున్న తీగను నేరుగా పెట్టడమూ పొరపాటే. అది కొన మీది దానిలోంచి ఉంగరం మీది దాన్ని తీసివేస్తుంది. రెండు పికప్పుల్లోనూ సమంగా ఉన్నది కొట్టుకుపోయి పీలగొంతు మిగులుతుంది.

అన్నట్టు, మూడు భాగాల జాక్ కనబడగానే స్టీరియో అనుకోకండి. లోపల 9 వోల్టుల బాటరీ ఉన్న గిటార్లలో ఉంగరం చేసే పని వేరు. మామూలు ప్లగ్గు గుచ్చినప్పుడు ఉంగరమూ తొడుగూ కలిసి బాటరీ పనిచేయటం మొదలవుతుంది. స్టీరియో తీగ పెడితే అసలు పలకదు. వాయించనప్పుడు ప్లగ్గు పీకేస్తే బాటరీ మిగులుతుంది.

ఇక ముఖ్యమైన మాట. ఒకే గిటారుని రెండు ఆంప్లిఫయర్లకు కలిపితే తరచు గుర్రుమని మోత వస్తుంది. ఆంప్లిఫయర్లు గోడ ప్లగ్గుల ద్వారా భూమికి కలిసి ఉంటాయి, గిటారు దగ్గర మళ్ళీ ఒకదానితో ఒకటి కలుస్తాయి. అలా ఏర్పడిన వలయంలో కరెంటు తిరిగి 60 సైకిళ్ళ మోతగా వినబడుతుంది. దీనికి కుర్రవాళ్ళు చేసే చిట్కా, మూడు కాళ్ళ ప్లగ్గుకి రెండు కాళ్ళ అడాప్టరు తొడగటం. మోత పోతుంది, నిజమే. కాని ఆంప్లిఫయరులో లోపం ఉంటే గిటారు తీగల్లోకే కరెంటు వస్తుంది, అదీ పిల్లవాడి వేళ్ళ కింద. 1972లో బ్రిటన్‌లోని స్వాన్సీలో స్టోన్ ది క్రోస్ బృందపు గిటారిస్టు లెస్ హార్వీ, గిటారు చేతిలో ఉండగా భూమి సరిగా లేని మైకు తాకి వేదిక మీదే ప్రాణం పోగొట్టుకున్నాడు. మీ ఇంట్లో అలాంటి అడాప్టరు ఉంటే ఈ పూటే తీసి పారవేయండి. ముందు రెండు ఆంప్లిఫయర్లనూ ఒకే గోడ ప్లగ్గు నుంచి నడిపి చూడండి. అప్పటికీ మోత ఉంటే, ఒక ఆంప్లిఫయరుకి వెళ్ళే గిటారు తీగ మధ్యలో ట్రాన్స్‌ఫార్మరున్న ఐసొలేషన్ పెట్టె పెట్టుకోవాలి. రెండు ఆంప్లిఫయర్లు కలిసి మోగినప్పుడు లావు తీగ పలుకు బలహీనపడితే, ఒక స్పీకరు ముందుకు వస్తుంటే రెండోది వెనక్కు పోతున్నదని అర్థం. తిరగేసే మీట ఉన్న పెట్టె కొంటే అదీ సర్దుకుంటుంది.

ఇంత శ్రమకి ఫలితముందా? బేస్ గిటారు విషయంలో ఉందనే అంటాం. యెస్ బృందపు క్రిస్ స్క్వైర్ తన రికెన్‌బాకర్ బేస్‌ని స్టీరియోగా మార్పించుకుని, బ్రిడ్జి పికప్పుకి మాత్రం కరుకుదనం పట్టించి, మెడ పికప్పుని శుభ్రంగా ఉంచేవాడు. కింది స్వరం చెదరదు, పైది కరకరలాడుతుంది. ఒకే దారిలో ఇది కుదరదు. ఇంట్లో రికార్డు చేసుకునేవారికీ రెండు దారులు మేలు, పాళ్ళు తరువాత తీరిగ్గా సరిచూసుకోవచ్చు.

మన ఉగాది, సంక్రాంతి సభలకి మాత్రం వద్దు. స్కూలు హాల్లో ఆంప్లిఫయర్లు చెరో మూలా పెడితే ఎడమ వరసలవారికి ఒక గిటారు, కుడి వరసలవారికి ఇంకో గిటారు వినబడుతుంది. ఆ శబ్దం విశాలంగా, అలల్లా రావాలన్నదే పిల్లల కోరికైతే స్టీరియో గిటారే అక్కర్లేదు. మామూలు గిటారుకి రెండు అవుట్‌పుట్‌లున్న కోరస్ పెడల్ తగిలిస్తే చాలు. 1976లో బాస్ వారి సి.ఇ.-1 వచ్చింది మొదలు ఎందరో చేస్తున్న పని ఇదే.

గిటారు కొనబోయే ముందు చీలిక తీగ ఒకటి వెంట తీసుకెళ్ళి, రెండు పికప్పులూ పలుకుతున్నాయో లేదో దుకాణంలోనే చూసుకోండి. మా దగ్గర ఒకటుంది. నెలవారీ సమావేశంలో అడిగి పట్టుకెళ్ళవచ్చు. పై నెల సమావేశానికి తిరిగి తెస్తే సంతోషం.