గోమారి శరీరములో రోగబీజము పెరుగు విధము

పల్లెలలో అనేక కుటుంబములకు పాడిపశువే జీవనాధారము. నిన్నటివరకు నిండుగా పాలిచ్చిన ఆవు ఒక్కసారిగా మేత మానును, జ్వరపడును, పాలు తగ్గిపోవును. కనురెప్పల లోపలి ఎర్రని పొర పాలిపోయి, పిదప పచ్చబడును. ఇట్టి లక్షణములు గల వ్యాధులలో అనాప్లాస్మా వ్యాధి యొకటి. దీనిని ముఖ్యముగా వ్యాపింపజేయునది గోమారి. కొన్ని ప్రాంతములలో దీనినే పిడుదు అందురు. గోమారి రోగబీజమును మోసికొనిపోవుటయే గాక, తన శరీరములో పెంచి పోషించును.

1910వ సంవత్సరములో దక్షిణాఫ్రికాయందు ఆర్నాల్డ్ థైలర్ అను పశువైద్య శాస్త్రజ్ఞుడు ఈ సూక్ష్మజీవిని వర్ణించెను. ఎర్ర రక్తకణముల అంచున చిన్న చుక్కవలె కనబడుటచే దీనికి "అనాప్లాస్మా మార్జినేల్" అను పేరు వచ్చినది. ఇది బాక్టీరియా జాతికి చెందినదని తరువాతి పరిశోధనలలో తేలినది.

గోమారిలో జరుగునదేమి?

రోగము గల పశువు రక్తమును గోమారి పీల్చినపుడు, ఎర్ర కణములతో పాటు బాక్టీరియా దాని ప్రేగులోనికి చేరును. అచట ప్రేగు కణములలో ప్రవేశించి, పలుచని పొర గల సంచివంటి భాగములో నివసించును. ఒకటి రెండుగా చీలుచు అనేకములగును. పిదప దట్టమైన రూపమును దాల్చును. ఈ రూపములోనున్న బాక్టీరియా కణము వెలుపల కూడ కొంతకాలము బ్రతికి, మరొక కణమును ఆశ్రయింపగలదు. ఇట్లు క్రమముగా లాలాజల గ్రంథులను చేరును. గోమారి మరొక పశువును కుట్టినపుడు, లాలాజలముతో కూడ రోగబీజములు ఆ పశువు రక్తములో కలియును.

మన దేశమున పశువులపై విస్తారముగా కనబడు గోమారి రిపిసెఫాలస్ మైక్రోప్లస్. ఇది పిల్లగా పశువుపైకి ఎక్కి, సుమారు మూడు వారములు దానిపైననే పెరుగును. అయినను, మగ గోమారులు ఒక పశువునుండి మరొక పశువుమీదికి ప్రాకుచు రోగమును వ్యాపింపజేయగలవు. ఆడ గోమారి రక్తము త్రాగి నేలరాలి, రెండు వేలకు పైగా గ్రుడ్లు పెట్టగలదు.

పశువులో జరుగునదేమి?

రోగబీజము చేరిన ఎర్ర కణములను పశువు శరీరమే నాశనము చేయును. అందుచే రక్తహీనతయు, కామెర్లును కలుగును. దూడలలో రోగము సాధారణముగా స్వల్పముగా నుండును. పెద్ద పశువులలో ప్రాణాంతకము కావచ్చును. కోలుకొన్న పశువు పైకి ఆరోగ్యముగా కనబడినను, రక్తములో రోగబీజమును చిరకాలము నిలుపుకొనును. దానినుండి గోమారులు మరల రోగమును గ్రహించును.

మనము చేయవలసినది

చెవులు, గంగడోలు, పొదుగు, తోక అడుగు భాగములను తరచు పరీక్షింపవలెను. గోమారుల మందును పశువైద్యుడు చెప్పిన మోతాదులోనే వాడవలెను. ఒకే సూదిని అనేక పశువులకు ఉపయోగింపరాదు. రక్తమంటిన సూది, కొమ్ములు కోయు పరికరము కూడ ఈ రోగమును వ్యాపింపజేయును. జ్వరము కనబడిన వెంటనే పశువైద్యశాలకు తెలుపవలెను. రక్తపరీక్షచే రోగమును గుర్తింపవచ్చును. తొలిదశలో టెట్రాసైక్లిన్ జాతి మందులు బాగుగా పనిచేయును.

అనాప్లాస్మా మార్జినేల్ మనుష్యులకు సోకదు. అయినను గోమారులను వట్టి చేతులతో నలుపరాదు. 2011లో గుజరాత్‌లో బయటపడిన క్రిమియన్-కాంగో రక్తస్రావ జ్వరము గోమారుల మూలమున మనుష్యులకు సోకు వైరస్ వ్యాధి. కావున గోమారుల నివారణ పశువులకును, వాటిని పోషించు కుటుంబమునకును రక్షణ కలిగించును.