ఊరుమ్మడి వేడిమి - పురపాలక సంఘముల యధికారము

మాఘమాసపు తెల్లవారుజామున వీధిమొగమున చలిమంట వేసికొని నలుగురును చుట్టు గూర్చుండుట మనయందెల్ల రెరిగినదే. ఒకడు పుల్లలు తెచ్చును. ఒకడు తాటాకు తెచ్చును. కాచుకొనుట కందరును వత్తురు. మనకది యొక పూట వేడుక. ఉత్తర ఐరోపాఖండమున చలి యట్టిది గాదు. అచ్చట ఇల్లు వెచ్చగా నుంచుకొనలేని వృద్ధులకును పసిబిడ్డలకును శీతకాలము ప్రాణసంకటము. కావున ఆ దేశములలో కొన్ని ఈ చలిమంట న్యాయమునే పట్టణమంతటికిని విస్తరింపజేసినవి. ఒక్కచోట నీటిని కాచి, నేలక్రింద పరచిన గొట్టములద్వారా ఇంటింటికిని పంపి, చల్లారిన నీటిని మరల రప్పించి కాచుచున్నవి.

ఈ యేర్పాటునందు యంత్రశాస్త్రము కష్టమైనది గాదు. గొట్టములు పరచు నేర్పు పెక్కుజాతులకు గలదు. పరచు నధికార మెవ్వరిది, దానికి వలయు ధనమును తెచ్చు స్వాతంత్ర్య మెవ్వరిది యనునదే అసలు ప్రశ్న. ఈ ప్రశ్నకు స్పష్టమైన సమాధానము చెప్పిన దేశము డెన్మార్కు.

కోపెన్‌హేగెను నగరము నానుకొనియున్న ఫ్రెడరిక్స్‌బర్గు పురపాలక సంఘమువారు 1903లో ఊరిచెత్తను దహించుట కొక కర్మాగారము నిర్మించి, ఆ మంటనుండి విద్యుచ్ఛక్తిని తీసి, మిగిలిన వేడిమిని వైద్యశాలకు పంపిరి. చెత్త పారవేయుటకు చోటులేని యిక్కట్టే వారికి సంపాదనమార్గ మయ్యెను. ఐనను దేశమంతయు ఈ మార్గమున నడచుటకు మఱి యొక దెబ్బ కావలసివచ్చెను. 1973లో చమురు సంక్షోభము సంభవించునాటికి డెన్మార్కువాడు వాడు శక్తిలో నూటికి తొంబదిపాళ్ళకు పైగా విదేశీయమైన చమురే. ఆదివారములయందు మోటారుకార్లు నడుపరాదని ప్రభుత్వము నిషేధించెను. తన పొయ్యి పరుల చేతిలో నున్న జాతి తనకు స్వాతంత్ర్య మున్నదని యెట్లు చెప్పుకొనగలదు?

1979లో ఆ దేశము ఉష్ణసరఫరా చట్టమును గావించెను. దీనిని రాజధానిలోని యధికారులు నడుపలేదు. పురపాలక సంఘముల చేతికిచ్చిరి. ఏ వీధికి ఉమ్మడి వేడినీరు, ఏ పేటకు సహజవాయువు అను విభాగమును స్థానిక సంఘములే సర్వేచేసి నిర్ణయించినవి. కొత్త కేంద్రము కట్టవలెనన్న, సమాజమునకు మొత్తముమీద లాభమా నష్టమా యని లెక్కగట్టి అనుమతించు బాధ్యతయు వానిదే. గొట్టము పోవు వీధిలోని గృహస్థులను చేరుడని శాసించు నధికారముగూడ ఇయ్యబడెను. ఏలన, పదియిండ్ల వీధిలో ఇద్దఱు మాత్రమే చేరినచో గొట్టము ఖర్చు ఆ ఇద్దఱి నెత్తిన పడును.

ఇంతటి యధికార మిచ్చినచోట దానికి కళ్ళెమును వేసిరి. వేడిమి వెల యనగా దాని నుత్పత్తిచేసి పంపుటకు నిజముగా నైన ఖర్చే, లాభము తీయరాదు. ఒక సంవత్సరమున మిగిలినది మఱుసటి సంవత్సరపు వెలలో తగ్గింపవలెను. ఇక ధనము మాట: 1898 నాటి చట్టముచే స్థాపింపబడిన కొమ్యూనెక్రెడిట్ అను ఋణసంస్థయందు పురపాలక సంఘములు సభ్యులై, ఒకరి ఋణమునకు ఒకరు జామీనుగా నిలుచును. తానొక్కతే పోయిన అధికవడ్డీకిగాని అప్పుపుట్టని చిన్నయూరు, అందఱి పూచీతో తక్కువ వడ్డీకి తెచ్చుకొని దీర్ఘకాలమున తీర్చును. 1984లో కోపెన్‌హేగెను, ఫ్రెడరిక్స్‌బర్గు, జెంటోఫ్టె, గ్లాడ్‌సాక్సె, టోర్న్‌బీ అను నైదు సంఘములు కలిసి వేడిమిని మోయు పెద్ద గొట్టములకు ఉమ్మడి సంస్థను నెలకొల్పినవి. నేడు డెన్మార్కున మూడింట రెండువంతుల గృహములు ఇట్టి యుమ్మడి వేడిమితో వెచ్చబడుచున్నవి. ఒకప్పుడు చమురు గాలినచోట నేడు గడ్డి, కట్టె, చెత్త, సూర్యరశ్మియు వినియోగమగుచున్నవి. ప్రతి ఇంటిలోని బాయిలరును మార్చనక్కఱలేదు. కేంద్రమున ఇంధనము మార్చిన ఊరంతయు మారును.

ఇందు దోషములు లేవా? కలవు. గొట్టము ఒక్కటే యగుటచే గృహస్థునకు వేఱొక దుకాణము లేదు. కొన్ని చిన్నయూళ్ళలో సహజవాయువుతో నడచు కేంద్రములకు ఖర్చు హెచ్చి, విడిపోవుటకు వీలులేని గృహస్థులు మొఱపెట్టిరి. తుదకు 2019 నుండి కొత్తగా నిర్బంధించు నధికారమును ఆ దేశము ఉపసంహరించుకొనెను. గుత్తాధికారము పౌరుల చేతిలో నున్నను గుత్తాధికారమే. ఐనను పౌరుల చేతిలోనిదానిని ఓటుతో మందలింపవచ్చును. పరుల కమ్మినదానిని మందలించుట యెట్లు? జర్మనీలోని హాంబర్గు నగరము తన శక్తిసంస్థ నమ్ముకొని, తరువాత పశ్చాత్తాపపడెను. 2013లో పౌరులు స్వల్పాధిక్యముతో ఓటువేసి తిరిగి కొనుమని శాసింపగా, 2019లో వేడినీటి వ్యవస్థ మరల నగరమున కబ్బెను. 2024లో బెర్లినుగూడ అట్లే చేసెను. అమ్మునాడు వచ్చినది ఖజానా నింపెను; కొనునాడు పోయినది పౌరుల జేబులోనిదే.

ఇంగ్లండు కథ వేఱు. 1950లోనే లండనున బాటర్సీ విద్యుత్కేంద్రమున వ్యర్థమగు వేడిమిని థేమ్సునది క్రిందుగా పిమ్లికోపేట గృహములకు తెచ్చిరి. 1976 నాటి శాసనము స్థానిక సంఘములు వేడిమిని ఉత్పత్తిచేసి విక్రయింపవచ్చు ననెను. ఐనను పట్టణమంతకు ప్రణాళిక వేసి మండలములను నిర్ణయించు నధికారమునకు ఆ దేశము 2023 శాసనమువఱకు వేచియుండవలసెను. అందుచేతనే డెన్మార్కున సామాన్యమైనది అచ్చట నేటికిని అరుదు. మంచిపని చేయుట కనుమతించుట వేఱు, చేయుటకు శక్తినిచ్చుట వేఱు.

ఈ చలిదేశముల గాథ ఉష్ణమండలమువారి కేల యని పాఠకమహాశయు లడుగవచ్చును. వేడినీటికి మాఱుగా చన్నీటిని గొట్టములలో పంపి భవనములను చల్లబఱచు ఏర్పాటు గుజరాతులోని గిఫ్టునగరమున ఇదివఱకే నడచుచున్నది. మన పట్టణములకును ఆ దినము రాకపోదు. అంతకంటె ముఖ్యమైనది అధికార ప్రశ్న. 1882లో రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలన తీర్మానము చేసిననాటి నుండియు మనకు పురపాలక సంఘములు లేకపోలేదు. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణము పదునెనిమిది విషయములను వానికి ఒప్పగింపదగినవిగా పేర్కొనెను. ఒప్పగించుట మాత్రము రాష్ట్రముల చిత్తమున కుంచెను. దేవుడు వరమిచ్చినను పూజారి యీయడను సామెత యిందులకే పుట్టెనేమో! ఐదేండ్లు నిండకముందే ఎన్నికలు జరుపవలెనని ఆ సవరణమే విధించుచుండగా, విశాఖపట్టణ నగరపాలక సంఘమునకు 2012లో గడువు తీరిన పిదప 2021వఱకు ఎన్నికలే లేవు. హైదరాబాదును విశాఖపట్టణమును 2018లో బాండ్లమూలమున బజారున అప్పు తెచ్చినమాట నిజమే. కాని విశాఖ యప్పు తెచ్చిన యా వత్సరమున, దానికి సమ్మతి దెలుపుటకు ఎన్నికైన సభయే లేదు. తీర్చవలసినవారు పౌరులు, అడుగబడనివారును పౌరులే!

ప్రణాళిక వేయు నధికారము, అప్పు తెచ్చు స్తోమత, లాభమునకు కళ్ళెము, వీనియన్నిటికిని పైన ఓటు - ఈ నాలుగును కలిసియుండినప్పుడే డెన్మార్కు గొట్టములలో వేడినీరు పాఱినది. ఒక్కటి తీసివేసినను గొట్టములే మిగులును. మన పట్టణముల భూగర్భమున రేపు ఏ గొట్టము పరచబడినను, అది నీరుగాని, వాయువుగాని, చల్లదనముగాని, తవ్వకముందే పౌరుడు ఒక్కమాట యడుగవలెను: ఇది యెవ్వరిది, దీని లెక్క యెవ్వరికి జెప్పుదురు? అడుగనిదే అమ్మయైనను పెట్టదు.