గ్రైండరుకు సరిపడు బిళ్ళ ఏది?

ఇనుప తలుపులు, కిటికీ చట్రములు చేయు దుకాణము ముందునుండి పోవువారికి చెవులు గింగురుమను రొద, దాని వెంట నిప్పురవ్వల జల్లు పరిచితములే. ఆ రవ్వలను పుట్టించు చేతియంత్రమును యాంగిల్ గ్రైండరు అందురు. గ్రైండరు అనగానే ఇంట పిండి రుబ్బు యంత్రము తలపునకు రావచ్చును, ఇది వేరు. ఇందు మోటారు ఇరుసు ఒక దిక్కునకు, బిళ్ళను త్రిప్పు ఇరుసు దానికి లంబముగ వేరొక దిక్కునకు ఉండును. రెండింటిని కలుపునవి వాలు పండ్ల చక్రములు. ‘యాంగిల్’ అను పేరు అందువలననే వచ్చినది. అతి వేగముగ తిరుగు యాంగిల్ గ్రైండరును 1954లో జర్మనీకి చెందిన ఫ్లెక్స్ కంపెనీ అంగడికి తెచ్చినది. ఆ దేశమున నేటికిని వాడుకలో ఈ యంత్రమును ‘ఫ్లెక్స్’ అనియే పిలుతురు.

యంత్రము ఒక్కటే, పనులు అనేకము. పలుచని కోతబిళ్ళ బిగించినచో ఇనుమును కోయును. మందపు బిళ్ళ బిగించినచో వెల్డింగు అతుకును అరగదీయును. రబ్బరు మెత్తపై ఉప్పుకాగితము అమర్చినచో కొయ్యను నునుపు చేయును. ఉక్కుతీగెల బ్రష్షు తగిలించినచో త్రుప్పును రాల్చును. యంత్రమును ఒక కంపెనీ చేయును. బిళ్ళలను పది కంపెనీలు చేయును. ‘ఇది మా యంత్రమునకు పట్టునా?’ అని కొనువాడు అడుగును. ‘పట్టును’ అని అమ్మువాడు చెప్పును. కాని పట్టుట వేరు, సరిపడుట వేరు. ఈ భేదము తెలియనిచో కన్నో, వేలో, ఒక్కొక్కప్పుడు ప్రాణమో పోవచ్చును.

మరచుట్లు, రంధ్రములు

ముందుగ పట్టుట సంగతి. ఒకరు చేసిన బోల్టుకు వేరొకరు చేసిన నట్టు పట్టుట నేడు సహజముగ తోచును. 19వ శతాబ్ది ఆరంభమున అట్లు కాదు. ఏ కర్మాగారము మరచుట్టు దానిదే. 1841లో ఇంగ్లండున జోసెఫ్ విట్‌వర్త్, 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ ప్రామాణికమైన మరచుట్లను ప్రతిపాదించిరి. వారిరువురును అంగుళములలో లెక్కించిరి. మెట్రిక్ పద్ధతి గల దేశములలో మిల్లీమీటర్ల మరచుట్లు వాడుకలోనికి వచ్చినవి. ఈ రెండు సంప్రదాయములును నేటికిని గ్రైండరు ఇరుసుపై కనిపించును.

మన దేశమున విరివిగా వాడు 100 మి.మీ. గ్రైండరు ఇరుసు సాధారణముగ ‘ఎం 10’, అనగా 10 మి.మీ. వ్యాసము గలది. అంతకు పెద్ద యంత్రములకు ‘ఎం 14’ ఉండును. దాని మరచుట్ల మధ్య దూరము 2 మి.మీ. అమెరికాలో వాడునది అంగుళములో ఎనిమిదింట అయిదు వంతుల ఇరుసు. దాని వ్యాసము 15.875 మి.మీ.; అంగుళమునకు 11 చుట్లు, అనగా చుట్టునకు చుట్టునకు నడుమ సుమారు 2.31 మి.మీ. ఈ నట్టును ‘ఎం 14’ ఇరుసుపై బలవంతముగ త్రిప్పినచో ఒకటి రెండు చుట్లు పట్టినట్లే తోచును. వాస్తవమున అది మరచుట్ల అంచులను మాత్రమే కరచి ఉండును. నిమిషమునకు 11,000 చుట్లు తిరుగు బిళ్ళను అట్టి పట్టు ఆపజాలదు.

బిళ్ళ నడిమి రంధ్రము సంగతియు ఇట్టిదే. 100 మి.మీ. బిళ్ళకు సాధారణముగ 16 మి.మీ. రంధ్రము; 115 మి.మీ. మొదలు 230 మి.మీ. వరకు గల బిళ్ళలకు 22.23 మి.మీ. రంధ్రము ఉండును. మెట్రిక్ కొలతలలో ఈ వింత సంఖ్య ఎక్కడిది? అంగుళములో ఎనిమిదింట ఏడు వంతులు 22.225 మి.మీ. అగును. అంగుళమే మిల్లీమీటరు వేషము ధరించినదన్నమాట! మన దేశమున మెట్రిక్ కొలతల చట్టము 1956లో వచ్చినను, దుకాణమున 100 మి.మీ. యంత్రమును నేటికిని ‘నాలుగంగుళాల గ్రైండర్’ అనియే అడుగుదురు.

రంధ్రము పెద్దదైనచో ఏమగును? 16 మి.మీ. ఇరుసు పీటపై 22.23 మి.మీ. రంధ్రము గల బిళ్ళను పెట్టినచో అది మధ్యస్థానమునుండి 3 మి.మీ. వరకు జరుగగలదు. బిళ్ళ బరువు 100 గ్రాములు, వేగము నిమిషమునకు 11,000 చుట్లు అనుకొన్నచో, ఆ జరుగుడు వలన ఇరుసుపై పడు లాగుడు సుమారు 400 న్యూటనులు, అనగా 40 కిలోగ్రాముల బరువుతో సమానము. ఈ లాగుడు సెకనుకు 183 సార్లు దిక్కు మార్చుచు చుట్టి వచ్చును. కాగితమో, రేకో చుట్టి రంధ్రమును పూడ్చువారు ఈ లెక్కను ఒక్కసారి చేసి చూడవలెను.

నట్టు లేకుండ బిళ్ళను నొక్కి బిగించు ‘ఎక్స్-లాక్’ అను పద్ధతిని 2019లో బాష్ కంపెనీ ప్రవేశపెట్టినది. ఆ కోతబిళ్ళలను 22.23 మి.మీ. పాత యంత్రములకు బిగింపవచ్చును. కాని పాత గుండ్రని రంధ్రపు బిళ్ళలు ఆ కొత్త యంత్రమునకు పట్టవు. పొందిక ఒకవైపునకే ఉండవచ్చునని ఇది తెలుపును.

అంచు వేగము

ఇక సరిపడుట సంగతి. ప్రతి బిళ్ళపైనను నిమిషమునకు ఎన్ని చుట్ల వరకు త్రిప్పవచ్చునో అచ్చువేసి ఉండును. సాధారణ బిళ్ళలలో 100 మి.మీ. దానిపై సుమారు 15,300, 115 దానిపై 13,300, 125 దానిపై 12,200, 180 దానిపై 8,500, 230 దానిపై 6,600 అని కనిపించును. ఈ అంకెలు పొంతన లేనివిగ తోచును. కాని చుట్టుకొలతను చుట్ల సంఖ్యచే గుణించినచో రహస్యము బయటపడును. 125 మి.మీ. బిళ్ళ చుట్టుకొలత 0.393 మీటరు, దానిని 12,200చే గుణించి 60చే భాగించిన, సెకనుకు 80 మీటర్లు వచ్చును. తక్కిన వానికిని రమారమి అదే వచ్చును. అనగా అన్ని బిళ్ళలకు హద్దు ఒక్కటే: అంచు వేగము సెకనుకు 80 మీటర్లు, గంటకు 288 కిలోమీటర్లు. ఐరోపా ప్రమాణముల ప్రకారము ఈ వేగమునకు గుర్తు ఎర్రని చార.

హద్దు అంచు వేగముపై ఏల? తిరుగు వస్తువులోని ప్రతి రేణువు సరళరేఖలో పోజూచును. ప్రక్క రేణువులు దానిని లోనికి లాగి పట్టి ఉంచును. 125 మి.మీ. బిళ్ళ అంచున, 80 మీటర్ల వేగమున, ఒక గ్రాము రేణువును పట్టి ఉంచుటకు పది కిలోగ్రాముల బరువుతో సమానమైన బలము కావలెను. పలుచని కంకణము తిరుగునప్పుడు అందలి తన్యతా ప్రతిబలము, దాని సాంద్రతను అంచు వేగపు వర్గముచే గుణించినంత అగును. ఇందు వ్యాసము ప్రసక్తియే లేదు. బిళ్ళలో లెక్క కొంత క్లిష్టమైనను, వేగపు వర్గమును అనుసరించుట మాత్రము మారదు.

ఇప్పుడు ఒక సామాన్యమైన పొరపాటును పరీక్షింపవచ్చును. 11,000 చుట్ల 125 మి.మీ. యంత్రము గలవాడు లోతుగ కోయవలెనని గార్డు ఊడదీసి 180 మి.మీ. బిళ్ళ బిగించును. రంధ్రము 22.23, మరచుట్టు ‘ఎం 14’, చక్కగ పట్టును. కాని అంచు వేగము సెకనుకు 104 మీటర్లకు పెరుగును. హద్దుకు ఇది 1.3 రెట్లు; ప్రతిబలము దాని వర్గము, అనగా దాదాపు 1.7 రెట్లు. బిళ్ళ పగిలినచో ముక్కలు స్పర్శరేఖ వెంట అదే వేగముతో దూసుకొని పోవును. అడ్డుకొనవలసిన గార్డు అప్పటికే బల్లపై పడి ఉన్నది.

పనికి తగిన బిళ్ళ

కోతబిళ్ళ మందము 1 మి.మీ. కావచ్చును, అరగదీయు బిళ్ళ మందము సుమారు 6 మి.మీ. వంపునకు లొంగని గుణము మందపు ఘనమును అనుసరించును గనుక, పదార్థము ఒక్కటే అయినచో రెండవది మొదటిదానికంటె 216 రెట్లు గట్టిది. కావున కోతబిళ్ళను అంచుతోనే వాడవలెను. దాని ప్రక్కతో రుద్దరాదు. కొయ్య కోయు పండ్ల రంపపు బిళ్ళలును ఈ ఇరుసుకు పట్టవచ్చును. కాని పన్ను కొయ్యలో చిక్కినంతనే యంత్రము చేతినుండి ఎగిరి మీదికి వచ్చును. గ్రైండరుకు అది సరిపడదు.

నునుపు చేయు పనిలో మూడింటిని చూడవలెను: యంత్రము, రబ్బరు మెత్త, కాగితము. మెత్త మరచుట్టు ఇరుసునకు కలియవలెను. మెత్తకు, కాగితమునకు వేర్వేరుగ వ్రాసిన వేగములు రెండును యంత్రపు వేగమునకు తక్కువ కారాదు. మెరుగుపెట్టు ఉన్ని తొడుగులు మూడువేల చుట్లు, అంతకు లోపలి వేగములకే ఉద్దేశింపబడినవి. 11,000 చుట్ల యంత్రమునకు అవి పనికిరావు. ధూళిని పీల్చు శాండరులలో కాగితపు రంధ్రములు మెత్త రంధ్రములపై సరిగ కూర్చుండవలెను. లేనిచో కాగితము పూడిపోవును, ధూళి ఊపిరితిత్తులకు చేరును.

రెసిను బంధకముగ గల బిళ్ళ తేమకును, కాలమునకును బలము కోల్పోవును. కావుననే నడిమి లోహపు కంకణముపై గడువు తేదీ ముద్రింతురు. అది సాధారణముగ తయారీనుండి మూడేండ్లు. గడువు దాటినది, క్రిందపడి దెబ్బ తిన్నది ఎంత కొత్తగ కనిపించినను పారవేయవలెను.

కొనుటకు ముందు అయిదు ప్రశ్నలు చాలును. మరచుట్టు, రంధ్రము కలియునా? బిళ్ళ గార్డులోపల ఇముడునా? బిళ్ళపై వ్రాసిన వేగము యంత్రముపై వ్రాసిన వేగమునకు సమానముగ గాని, ఎక్కువగ గాని ఉన్నదా? ఈ పనికే చేసిన బిళ్ళయేనా? గడువు మిగిలి ఉన్నదా? అయిదింటికిని ‘అవును’ అని వచ్చినచో కంపెనీ పేరు ఏదైనను ఫరవాలేదు. ఒక్కటి తప్పినను ఎంత చవకయైనను వలదు. కొత్త బిళ్ళను బిగించిన పిమ్మట కంటి అద్దములు ధరించి, బిళ్ళకు ఎదురుగ ఎవరును లేకుండ ఒక నిమిషము ఊరక త్రిప్పి చూడవలెను.

వృత్తీయ చలనమును బోధించు ఉపాధ్యాయులు దారమునకు రాయి కట్టి త్రిప్పి చూపుదురు. ఆ పాఠము వెంట ఒక కొత్త బిళ్ళను తరగతికి తెచ్చి, దానిపై వ్రాసిన అంకెలనుండి అంచు వేగమును విద్యార్థులచేత కట్టించవచ్చును. వారిలో కొందరు రేపు ఆ యంత్రమును చేతబట్టువారే.